‘సె’ అంటే ఏంది మేడం? – తొమ్మిదో తరగతి పట్టికల డైరీ

నవంబర్ 3

సాయంత్రం సైన్సు రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను. మొత్తం ముప్పై నాలుగు. ప్రతి దాంట్లో పట్టిక ఉంది, ప్రతి పట్టికా ముచ్చటగా ఉంది. స్కెచ్ పెన్నుతో జంట గీతల బార్డరు, మూలల్లో పువ్వులు. ఒకమ్మాయి హెడ్డింగ్ మీద మెరుపులు కూడా అంటించింది. లోపల అంకెలు చూస్తే మాత్రం ముప్పై నాలుగింటిలోనూ అవే అంకెలు.

లోలకం ప్రయోగం క్లాసులో జరిగింది ఒక్కసారే. అదీ నేనే చేశాను, ముందు బెంచీ దగ్గర నిలబడి. వెనక బెంచీల వాళ్ళకి నా వీపు తప్ప ఏమీ కనిపించి ఉండదు. మరి ఈ అంకెలు ఎక్కడివి అంటే, పోయినేటి రికార్డులోవి. ఆ రికార్డులోకి అంతకు ముందేడాది రికార్డు నుంచి వచ్చి ఉంటాయి. మా స్కూల్లో లోలకం ఎన్నేళ్ళ క్రితం ఊగిందో ఏమో, ఆ అంకెలు మాత్రం ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

పిలకాయల్ని తిట్టి లాభం లేదు. పట్టిక అంటే ప్రయోగం అయిపోయాక రికార్డులో వేసే బొమ్మ అనుకుంటున్నారు. అట్లా అనుకునేలా చేసింది మేమే. నీట్‌గా ఉంటే మార్కులు వేశాం. అందుకే ఈ నెల వేరే ప్రాజెక్టు ఏదీ పెట్టుకోను. పట్టికే ప్రాజెక్టు.

నవంబర్ 5

లోలకాన్నే ఎంచుకున్నాను, ఖర్చు లేని పని కాబట్టి. దారం మిషను డబ్బాలోది. గుండు కోసం వెతుక్కునే పనే లేకుండా, వేటకు పోయే ఇంటి అబ్బాయి వలకు కట్టే సీసం గుళ్ళు గుప్పెడు తెచ్చాడు. మా స్కూలు కోవూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంది, వాటికి ఇక్కడ కరువు లేదు. బెంచీ అంచున రెండు చెక్క ముక్కల మధ్య దారం బిగించాం. ఆరు గ్రూపులు. స్టాప్‌వాచీలు మూడే: నా ఫోను, లెక్కల సారు ఫోను, హిందీ మేడం ఫోను. వంతులేసుకున్నారు.

కావాలనే ఏమీ చెప్పలేదు. “దారం పొడవు మారిస్తే ఊగే టైము మారుతుందా? కొలిచి, మీకు తోచినట్టు రాయండి” అన్నాను అంతే.

వచ్చినవి ఇవి. ఒక గ్రూపు వ్యాసం రాసింది: “మొదట మేము దారమును కట్టితిమి, అది 28 వచ్చినది.” ఒక గ్రూపు పేజీ మూలన అంకెల కుప్ప పోసింది, ఏది ఏ పొడవుదో వాళ్ళకే గుర్తు లేదు. మూడో గ్రూపు చక్కగా గళ్ళు గీసింది గానీ ఒక పొడవుకి పది ఊపులు, ఇంకో పొడవుకి నలభై ఊపులు లెక్కపెట్టి, ఎన్ని ఊపులన్నది ఎక్కడా రాయలేదు. (పుస్తకంలో డోలనం అని ఉంటుంది. మా వాళ్ళు ఊపు అన్నారు. నాకూ అదే బాగుంది.)

ఆ మూడో గ్రూపు కాగితంలోనే 1.20 అని ఒక అంకె ఉంది. ఏంటిది అని అడిగితే “ఒక నిమిషం ఇరవై సెకన్లు మేడం, ఫోన్లో అట్లానే ఉండాది” అన్నారు. కాగితం పక్క గ్రూపుకిచ్చి దీన్ని సెకన్లలోకి మార్చమన్నాను. వాళ్ళు 1.20ని 60తో గుణించి 72 అన్నారు. అసలు టైము 80 సెకన్లు. ఎనిమిది సెకన్లు ఎక్కడికి పోయాయని రెండు గ్రూపులూ గంట కొట్టేదాకా పోట్లాడుకున్నాయి. ఫోన్లో రెండు చుక్కలు నిలువుగా ఉన్నాయి. కాగితం మీదకి వచ్చేసరికి అది దశాంశ బిందువు అయిపోయింది. తప్పు కొలతలో లేదు, రాతలో ఉంది.

నవంబర్ 6

ఈ రోజంతా ‘సె’ మీదే గడిచింది.

ఐదో గ్రూపు పట్టికలో మొదటి వరుస: 50 సె, 28 సె. మొదటి సె సెంటీమీటర్లు, రెండో సె సెకన్లు. వాళ్ళకి తెలుసు, నాకూ అర్థమైంది. సరే, ఇదే పట్టికలో గది ఉష్ణోగ్రత కూడా రాయాలంటే ఏం రాస్తారు అన్నాను. ఒకడు ధైర్యంగా బోర్డు మీద “31 సె” అని రాశాడు, సెల్సియస్ అన్నమాట. క్లాసంతా నవ్వు. మన లిపిలో సెంటీమీటరు, సెకను, సెల్సియస్, సెంటీగ్రేడు అన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయని ఇన్నేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఇంగ్లీషు గుర్తులు వాడమందామా అంటే సెకనుకి ఎస్, సెంటీమీటరుకి సీఎం. “సీఎం అంటే ముఖ్యమంత్రి గదా మేడం” అని వెనక నుంచి ఒకడు. వాడి కోసం కాదుగానీ, గొడవ లేకుండా ఒక ఒప్పందానికి వచ్చాం: పొట్టి చేయొద్దు, హెడ్డింగులో పూర్తిగా రాద్దాం. ‘పొడవు (సెంటీమీటర్లు)’. ‘20 ఊపులకు పట్టిన కాలం (సెకన్లు)’. ఒక్కసారి పైన రాస్తే చాలు, కింద గళ్ళలో వట్టి అంకెలే ఉండాలి. పైన రాసేది ఒక్కసారే కాబట్టి పొడుగ్గా రాయడానికి బద్ధకం కూడా ఉండదు. పబ్లిక్ పరీక్షలకి వెళ్ళేలోపు ఇంగ్లీషు గుర్తులూ నేర్పుతాను, అది వేరే సంగతి.

ప్రతి గడిలో యూనిట్ రాసే అలవాటు వాళ్ళకి ఎక్కడిదో వెతకనక్కర్లేదు. బోర్డు మీద నేను రాసేది అట్లాగే.

నవంబర్ 10

రెండో గ్రూపులో ఒకమ్మాయి పొద్దున్నే ఒక పొడవాటి రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “మా నాయనది మేడం. మీరు చెప్పినట్టే ఉండాది, చూడండి.”

వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. అది మేత రిజిస్టరు. పుట తిప్పితే నాకే సిగ్గేసింది, మా రికార్డుల కంటే ఎంతో బాగుంది. ఎడమ పక్క తేదీ, దాని పక్కన డీఓసీ, అంటే పిల్ల వదిలి ఎన్ని రోజులైందో ఆ లెక్క. తర్వాత ‘మేత (కేజీ)’ అని ఒక పెద్ద హెడ్డింగు. దాని కింద నాలుగు చిన్న గళ్ళు, పూటకొకటి. కేజీ అన్న మాట పేజీ మొత్తానికి ఒక్కసారే ఉంది. చెక్ ట్రేలో మేత మిగిలిందా లేదా అన్నదానికి ఒక గడి. పీహెచ్‌కి ఒకటి, సెలినిటీకి (నీటి ఉప్పదనానికి) ఒకటి. చివర ‘గమనిక’. ఆ గమనికలో ఒక చోట: “కరెంటు లేదు. ఏరేటర్ 2 గం. ఆగింది.” ఏరేటర్ అంటే నీటికి గాలి పట్టించే మిషను. ఆ మర్నాడు మేత తగ్గించినట్టు అంకెలు చెప్తున్నాయి. తప్పు రాసిన చోట ఒక అడ్డగీత, పక్కన సరైన అంకె. రబ్బరు గుర్తు ఎక్కడా లేదు. అంతా పెన్నే.

పేజీని క్లాసులో తిప్పాను. పద్ధతిగా రాయడం ఎవరు నేర్పారమ్మా మీ నాన్నకి అంటే, “ఎవురూ నేర్పలేదు మేడం. రాత్రి డ్యూటీకి వచ్చే ఆయనకి తెలియాల గదా, పగలు ఎంత ఏశారో” అంది.

నాలుగు గళ్ళ మీద ఒకే పెద్ద హెడ్డింగు పెట్టే ఆ పద్ధతిని అందరూ కాపీ కొట్టారు. ఈ కాపీకి నేను అడ్డు చెప్పలేదు. ‘గమనిక’ గడి కూడా ఇవాళ్టి నుంచి మా పట్టికల్లో ఉంటుంది.

నవంబర్ 12

కొత్త రూలు: ఖాళీ పట్టిక చూపిస్తేనే దారం ఇస్తాను.

ఇది అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. ఖాళీ గళ్ళు గీయాలంటే ముందు కొన్ని సంగతులు తేల్చుకోక తప్పదు. మనం మార్చేది ఏది? పొడవు. అది ఎడమ పక్కన. దాన్ని బట్టి మారేది ఏది? టైము. అది కుడి పక్కన. ఎన్ని పొడవులు? ఐదు, అంటే ఐదు వరుసలు. ఒక్కో పొడవుకి ఎన్నిసార్లు? మూడు, అంటే మూడు గళ్ళు. గళ్ళు అయ్యాక కూడా ఒకడికి అనుమానం వచ్చింది: పొడవు ఎక్కణ్ణించి ఎక్కడికి? బిగించిన చోటు నుంచి గుండు కిందికా, గుండు పైకా? గుండు మధ్యకి. ఆ మాట కూడా హెడ్డింగు కింద చిన్నగా రాసుకున్నారు. పోయినసారి నలుగురు నాలుగు రకాలుగా కొలిచారని అప్పుడు బయటపడింది.

ఇరవై ఊపులే ఎందుకు అన్నది కూడా ఇవాళే తేలింది. కంటికి కనపడ్డాక వేలు నొక్కేలోపు సెకనులో ఐదో వంతు ఇటూ అటూ అవుతుంది. ఒకే ఊపుని కొలిస్తే ఆ తప్పంతా దాని మీదే పడుతుంది. ఇరవై ఊపులు కొలిచి భాగిస్తే తలా ఒక పిసరు వస్తుంది. ఫోను 28.43 అని చూపిస్తోంది కదా, రెండో దశాంశం కూడా రాయాలా అని అడిగారు. మీ వేలు అంత కచ్చితమా అన్నాను. ఒక్క దశాంశం చాలని వాళ్ళే తేల్చారు. కాకపోతే అన్ని గళ్ళలోనూ ఒకటే ఉండాలి. సరిగ్గా 31 వస్తే 31.0 అని రాయాలి. ఆ సున్నా ఎందుకు దండగ అని ఒకరిద్దరు గొణిగారు. ‘కొలిచాను, సున్నానే వచ్చింది’ అని చెప్పడానికి.

నవంబర్ 14

ఇవాళ పిల్లల దినోత్సవం, పొద్దున సభ. మధ్యాహ్నం రెండు పీరియడ్లు దొరికాయి. ఫ్యాన్లు ఆపేశాం, గాలికి లోలకం గుండ్రంగా తిరుగుతోందని. చెమటలు కారుతున్నా ఎవరూ ఫ్యాను అడగలేదు.

అందరి రబ్బర్లూ నా దగ్గర పెట్టించాను. గీతలకు పెన్సిలు, అంకెలకు పెన్ను. తప్పనిపిస్తే చుట్టూ సున్నా చుట్టండి, కొట్టేయొద్దు.

నాలుగో గ్రూపు 50 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. మూడుసార్లు కొలిస్తే వరసగా 28.3, 27.0, 28.5 వచ్చాయి. “మధ్యది చెరిపేసి మళ్ళీ చేసేదా మేడం?” అని రాసే అమ్మాయి అడిగింది. మామూలుగా అయితే సరేననేదాన్ని. రబ్బరు నా దగ్గర ఉంది కాబట్టి ఆగాను. ఎందుకు తగ్గిందో చెప్పండి అన్నాను.

గాలి అన్నారు. ఫ్యాను ఆపి ఉంది. దారం జారింది అన్నారు. కొలిస్తే 50 అట్లాగే ఉంది. ఫోను ఆలస్యంగా నొక్కారన్నారు. ఎంత ఆలస్యమైనా సెకనున్నర తేడా రాదు కదా, పైగా ఆపడం ఆలస్యమైతే టైము పెరగాలి గానీ తగ్గదు. నాకూ తట్టలేదు, నిజం చెప్పొద్దూ.

ఐదో గ్రూపులో ఎప్పుడూ కిటికీ వైపు చూస్తూ కూర్చునే అబ్బాయి ఒకడున్నాడు. వాడు లేచి వచ్చి ఆ పట్టిక మీద వేలు పెట్టాడు. “మేడం, 28.4లో 27 పోతే 1.4. 28.4ని 20తో భాగిస్తే ఒక ఊపుకి 1.42. ఒక ఊపు తగ్గింది.”

19ని 1.42తో గుణించాం. 26.98.

రెండోసారి లెక్కపెట్టింది ఎవరు అంటే ఒకమ్మాయి చెయ్యెత్తింది. మళ్ళీ లెక్కపెట్టమన్నాం. గుండు వదిలిపెడుతూనే “ఒకటి!” అంది. అక్కడే దొరికింది. గుండు పోయి తిరిగి వచ్చాక కదా ఒకటి. వదిలేటప్పుడు అనాల్సింది సున్నా. ఆ అమ్మాయి పాపం ఏడుపు మొహం పెట్టింది. క్లాసంతా చప్పట్లు కొట్టాక తప్పు చేసినందుకు కొట్టారా, తప్పు దొరికినందుకు కొట్టారా అని కాసేపు అయోమయంలో పడింది.

27.0 చుట్టూ సున్నా చుట్టి గమనికలో రాసుకున్నారు: “19 ఊపులే. ఒకటి నుంచి లెక్కపెట్టాం.” తర్వాత గ్రూపులన్నీ “సున్నా!” అని అరిచి గుండు వదలడం మొదలుపెట్టాయి. పక్క క్లాసులో తెలుగు సారు ఒకసారి తొంగి చూసి పోయారు.

నవంబర్ 15

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. డిగ్రీలో నా లోలకం ప్రాక్టికల్ గుర్తొచ్చింది. ‘జీ’ విలువ, అంటే గురుత్వ త్వరణం, సెంటీమీటర్ల లెక్కలో 980 దరిదాపుల్లో రావాలి. నాకు 1080 ఎంతో వచ్చింది. రెండు రీడింగులు సర్దేశాను, 978 చేశాను, పూర్తి మార్కులు పడ్డాయి. ఆ రోజు నేనూ ‘ఒకటి’తోనే లెక్క మొదలుపెట్టానా, ఇంకేదైనా తప్పు చేశానా? అసలు రీడింగులు ఉంటే ఇవాళ తెలిసేది. వాటిని బ్లేడుతో గీకేశాను. పొద్దున బస్సు పెన్న వంతెన దాటుతుంటే ఇదంతా క్లాసులో చెప్పాలా వద్దా అనుకున్నాను. చెప్పాను. “అప్పుడు రబ్బరు లేదా మేడం?” అని అడిగారు. పెన్నుతో రాసినదానికి బ్లేడే గతి అన్నాను.

నవంబర్ 19

సగటులు. ఒక గ్రూపు సగటు గడిలో 27.933333 అని రాసింది, గడి చాలక పక్క గడిలోకి పోయింది. కాలిక్యులేటరు చెప్పింది కదా అంటారు. కొలిచినవి ఒక్క దశాంశానికి ఉంటే సగటుకి ఆరు దశాంశాలు ఎక్కణ్ణించి పుడతాయి? 27.9 చాలు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: సున్నా చుట్టిన 27.0ని సగటులో కలపాలా? కారణం తెలిసింది కాబట్టి వదిలేద్దాం, వదిలేశామని రాద్దాం. కారణం దొరక్కపోతే? ఊరికే వదిలేయకూడదు, ఇంకో రెండుసార్లు కొలవాలి. మిగతా లెక్కలు మామూలే.

నవంబర్ 28

మధ్యలో వానలు. నెల్లూరు పిలకాయలకి వాన అంటే కార్తీకమే. నైరుతి పోతూ పోతూ ఈశాన్యం వచ్చాకే మాకు అసలు వానలు. అందుకని పోయిన వారమే ఇంకో పట్టిక మొదలుపెట్టాం. పక్కలు నిలువుగా ఉన్న సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా బోర్లించి, అడుగున సిమెంటు పోసి చదును చేసి, పక్కన స్కేలు అంటించాం. గ్రౌండులో చెట్లకి దూరంగా పెట్టాం. వాతావరణ శాఖ వాళ్ళ లెక్కలో రోజు ఉదయం 8:30కి మారుతుంది కాబట్టి మేమూ ఆ టైముకే చూస్తున్నాం. ఇద్దరు పిల్లలు వంతులవారీగా ముందే వస్తున్నారు.

24న చూశాక రెండు రోజులు వానకి సెలవిచ్చారు. 27న చూస్తే సీసాలో 71 మిల్లీమీటర్లు. 25, 26 తేదీల గళ్ళలో ఏం రాయాలి?

మూడు రకాలుగా రాసుకొచ్చారు. ఒకడు 25కి 0, 26కి 0, 27కి 71. వాడి పట్టిక చదివితే వాన పడుతోందని సెలవిచ్చిన రోజుల్లో చుక్క కూడా పడలేదు. ఒకమ్మాయి 71ని మూడుతో భాగించి మూడు గళ్ళలోనూ 23.7 పెట్టింది. చూడ్డానికి ఇదే అన్నింటికంటే బాగుంది, అసలు ప్రమాదమూ ఇదే. ఇంకో ఏడాది తర్వాత ఎవరైనా చూస్తే మూడు రోజులూ సమానంగా కురిసిందనీ, ఎవరో రోజూ వచ్చి కొలిచారనీ నమ్మేస్తారు. మూడోవాడు రెండు గళ్ళలో అడ్డగీత పెట్టి, 27 దగ్గర 71 రాసి, గమనికలో “3 రోజులది కలిపి” అన్నాడు. వాడిది ఉంచాం.

సున్నా అంటే చూశాం, ఏమీ లేదు. గీత అంటే చూడలేదు. ఈ రెండింటికీ తేడా చెప్పడానికి మెండలీవ్ దొరికాడు. 1869లో మూలకాల పట్టిక వేసినప్పుడు ఆయన కొన్ని గళ్ళు ఖాళీగా వదిలేశాడు, అక్కడ ఉండాల్సినవి ఇంకా దొరకలేదని. గాలియం 1875లో, స్కాండియం 1879లో, జెర్మేనియం 1886లో వచ్చి ఆ గళ్ళలో కూర్చున్నాయి. చేతికి దొరికినవాటితో అప్పుడే గళ్ళన్నీ నింపేసి ఉంటే వాటికి చోటే ఉండేది కాదు. ఇది పై తరగతుల పాఠం, నాకు ఆగలేదు.

డిసెంబర్ 2

నాలుగో గ్రూపు పట్టిక ఫైనల్. టైటిల్ వాళ్ళే పెట్టారు: లోలకం పొడవు మారిస్తే ఊగే కాలం ఎలా మారుతుంది. ఉన్నది ఉన్నట్టు:

| పొడవు (సెంటీమీటర్లు) | 20 ఊపులకు కాలం (సెకన్లు) 1వ సారి | 2వ సారి | 3వ సారి | సగటు (సెకన్లు) | ఒక ఊపుకు (సెకన్లు) | గమనిక |
|---|---|---|---|---|---|---|
| 40 | 25.3 | 25.5 | 25.4 | 25.4 | 1.27 | |
| 50 | 28.3 | (27.0) | 28.5 | 28.4 | 1.42 | 2వ సారి 19 ఊపులే, సగటులో కలపలేదు |
| 60 | 31.2 | 31.0 | 31.1 | 31.1 | 1.56 | |
| 80 | 35.8 | 36.0 | 35.9 | 35.9 | 1.80 | |
| 100 | 40.1 | 40.3 | 40.2 | 40.2 | 2.01 | ఫ్యాను ఆపి చేశాం |

పువ్వులు లేవు. మొన్నటి మెరుపుల అమ్మాయి ఈ గ్రూపులోనే ఉంది. బయట గీత ఒక్కటైనా రంగులో గీస్తానంటే సరేనన్నాను.

పట్టిక గోడకి అంటించాక కిటికీ అబ్బాయి దాని ముందే నిలబడ్డాడు. 40కి 1.27 అయితే 80కి రెట్టింపు రావాలి కదా, 1.80 ఏంది అన్నాడు. జవాబు చెప్పలేదు. రెట్టింపు టైము కావాలంటే ఎంత పొడవు పెట్టాలో కనుక్కో అన్నాను. 100కి 2.01 ఉంది, దాంట్లో సగం టైము ఎక్కడొస్తుందని కింద నుంచి మొదలుపెట్టాడు. 50 దగ్గర రాలేదు, 40 దగ్గర రాలేదు, 30 కట్టాడు, అక్కడా రాలేదు. 25 దగ్గర ఇరవై ఊపులకు 20.1 వచ్చింది. పట్టిక అడుగున వాడే ఒక వరుస గీసుకున్నాడు, స్కేలు లేకుండా, వంకరగా. పొడవు నాలుగో వంతైతే టైము సగం. వర్గమూలం అన్న మాట నేను రేపు చెప్తాను.

డిసెంబర్ 9

గ్రాఫులు మొదలు. పట్టిక సరిగా ఉంటే గ్రాఫుకి అరగంట చాలింది. ఎడమ గడి అడ్డంగా, కుడి గడి నిలువుగా, యూనిట్లు హెడ్డింగులో ఉన్నవే. దీని గురించి వేరే రాస్తాను.

వాన సీసా పట్టికలో ఇవాళ్టి వరుస, పొద్దున వంతు వచ్చిన పిల్లవాడి చేతిరాత:

తేదీ: డిసెంబర్ 9. వాన (మిల్లీమీటర్లు): — . గమనిక: మేక తన్నింది.